హాట్ డాగ్, బేక్డ్ బీన్స్ స్కిల్లెట్: పలచబడకుండా, తీపి ముంచెత్తకుండా వండే పద్ధతి

ఇండియానాలో పెరిగిన మీ వారికి చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఇనుప పెనంలో వండిపెట్టిన హాట్ డాగ్ సాసేజ్‌లు, బేక్డ్ బీన్స్ (తియ్యటి సాస్‌లో మగ్గిన చిక్కుళ్లు) అంటే ఇప్పటికీ ప్రాణమనీ, ఆమె పోయాక మీరు దాన్ని రెండుసార్లు వండి చూశారనీ, రెండుసార్లూ పులుసులా పలచగా వచ్చిందనీ రాశారు. సాసేజ్ ముక్కలు నీళ్లలో నానిన రబ్బరులా ఉన్నాయనీ, తీపి మాత్రం నాలుక భరించలేనంతగా ఉందనీ చెప్పారు. మీ ఇంట్లో గొడ్డుమాంసం, పంది మాంసం వండరు కాబట్టి చికెన్‌వి వాడవచ్చా, మూడేళ్ల బాబుకు పెట్టవచ్చా, మన పద్ధతిలో కాస్త పోపు వేస్తే బాగుంటుందా అని కూడా అడిగారు. నేను ఓహైయోలో ఒక పాఠశాల వంటగదిలో 19 ఏళ్లు పనిచేశాను. ఈ వంటకం అక్కడ నెలకు ఒకసారైనా భోజనంలో ఉండేది, ఇంట్లో మా పిల్లలకు ఇప్పటికీ చేస్తాను. అందువల్ల కొంచెం విడమరిచి రాస్తున్నాను.

మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ముక్కలు, ఉల్లిపాయ, డబ్బాలోని బీన్స్ అన్నీ ఒకేసారి పెనంలో వేసి, మూత పెట్టి ఉడికించారు. పలచదనం, రబ్బరుతనం ఆ ఒక్క పని వల్లే వచ్చాయి. సాసేజ్ ముక్కలను ముందుగా విడిగా, అంచులు నల్లబడేదాకా వేయించి తీసి పక్కన పెట్టుకోవాలి. ఆ తరువాత అదే పెనంలో ఉల్లిపాయ వేయించి, బీన్స్ పోసి, మూత లేకుండా దగ్గరపడనివ్వాలి. ముక్కలు చివరికి కలవాలి. బెండకాయ పులుసు పెట్టేటప్పుడు బెండకాయలను ముందు నూనెలో వేయించి వేస్తే ముక్క ముక్కగా నిలబడుతుంది, పచ్చివే పులుసులో పడేస్తే జిగురుగా మెత్తబడుతుంది. ఇక్కడ జరిగేది కూడా అటువంటిదే. ఇక తీపి సంగతి వేరు. గుమ్మడికాయ దప్పళంలో బెల్లానికి తగిన చింతపండు పడకపోతే ఎలా ఉంటుందో, ఈ వంటలో పులుపు పడకపోతే అలాగే ఉంటుంది. డబ్బా బీన్స్‌లో తీపి ముందే ఉంటుంది కాబట్టి మనం వేయవలసింది పులుపూ ఘాటే కానీ ఇంకా చక్కెర కాదు.

వంట మొదలుపెట్టే ముందు మీ వారిని ఒక ప్రశ్న అడగండి: అమ్మమ్మ వండినది ఎర్రగా ఉండేదా, ముదురు గోధుమ రంగులో ఉండేదా? ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న, ఎందుకంటే అమెరికాలో బేక్డ్ బీన్స్ అనే మాట కింద రెండు మూడు వేరు వేరు రుచులు ఉన్నాయి. ఈ వంట మూలం బోస్టన్ వైపు, అంటే న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఉంది. అక్కడి ప్యూరిటన్ కుటుంబాలకు శనివారం సూర్యాస్తమయంతో విశ్రాంతి దినం మొదలయ్యేది, ఆ సమయంలో వంట చేయడం నిషేధం. కాబట్టి శనివారం పగలంతా చిన్న తెల్ల చిక్కుళ్లను మట్టి కుండలో ఉప్పు పట్టించిన పంది కొవ్వు, మొలాసిస్‌లతో పొయ్యిలో సన్నని వేడి మీద మగ్గనిచ్చి, ఆ రాత్రి తిని, మిగిలినది మర్నాడు తినేవారు. మొలాసిస్ అంటే చెరకు రసం నుంచి చక్కెర తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం. కరీబియన్ దీవుల నుంచి అది ఓడల మీద బోస్టన్‌కు పుష్కలంగా దిగేది. ఆ ఊరికి బీన్‌టౌన్ అనే పేరు ఈ వంట వల్లే వచ్చింది. ఆ పద్ధతి బీన్స్ నల్లటి గోధుమ రంగులో, కొంచెం చేదు కలిసిన తీపితో ఉంటాయి. మేన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ ఊరితో పేరు ముడిపడిన బి అండ్ ఎం డబ్బాలు ఈ రుచివే.

మీ వారు పెరిగిన ఇండియానాలో కథ వేరు. 1861లో గిల్బర్ట్ వాన్ క్యాంప్ ఇండియానాపొలిస్‌లో మొదలుపెట్టిన వ్యాపారం తరువాతి కాలంలో టమాటా సాస్‌లో వేసిన పోర్క్ అండ్ బీన్స్ డబ్బాలకు పేరు తెచ్చుకుంది. మధ్య పశ్చిమ రాష్ట్రాలలో ఎన్నో ఇళ్ల అలమరలలో ఉండే డబ్బా అదే. అందులో సాస్ నారింజ కలిసిన ఎరుపు, చాలా పలచన; పేరుకు పోర్క్ అని ఉన్నా అందులో ఉండేది చిన్న కొవ్వు ముక్క మాత్రమే. సాసేజ్ ముక్కలు కూడా కలిపి చిన్న డబ్బాలో అమ్మే బీనీ వీనీ వాళ్లదే, పిల్లలు ఈ వంటను ఆ పేరుతో పిలవడం దానివల్ల మరింత స్థిరపడింది. పెద్దవాళ్లు ఫ్రాంక్స్ అండ్ బీన్స్ అంటారు. ఫ్రాంక్ అనే మాట ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, వీనీ అనే మాట వియన్నా నగరానికి జర్మన్‌లో ఉన్న వీన్ అనే పేరు నుంచి వచ్చాయి. జర్మన్ వలసదారులు తెచ్చిన సాసేజ్, న్యూ ఇంగ్లండ్ చిక్కుళ్లు ఒకే పెనంలో కలిశాయన్నమాట. మూడో రకం టెనెస్సీ రాష్ట్రపు బుష్ కంపెనీది. అది 1908లో చెస్ట్‌నట్ హిల్ అనే పల్లెలో మొదలయింది, వాళ్ల బేక్డ్ బీన్స్ మాత్రం 1969 నుంచి వస్తున్నాయి. వీటిలో సాస్ గోధుమ రంగులో, బ్రౌన్ షుగర్ తీపితో, పోర్క్ అండ్ బీన్స్ కన్నా చిక్కగా ఉంటుంది.

ఈ వివరమంతా ఎందుకంటే, మీ వారు ఎర్రగా ఉండేది అంటే మీరు పోర్క్ అండ్ బీన్స్ తరహా డబ్బా తెచ్చి, దాన్ని కాస్త ఎక్కువసేపు దగ్గరపెట్టి, బ్రౌన్ షుగర్ ఒక చెంచా కలపాలి. గోధుమ రంగు అంటే బేక్డ్ బీన్స్ అని రాసి ఉన్న డబ్బా తెచ్చి, చక్కెర అసలు వేయకూడదు. చాలామంది వంట పుస్తకాలలో చూసి, ముందే తియ్యగా ఉన్న బేక్డ్ బీన్స్‌లో పావు కప్పు బ్రౌన్ షుగర్ వేస్తారు, అది ఎర్ర డబ్బా కోసం రాసిన కొలత. మీకు తీపి ఎక్కువ కావడానికి కారణం దాదాపు కచ్చితంగా ఇదే. మనవాళ్ల దుకాణాలలోనూ కనిపించే బ్రిటిష్ హైంజ్ బీన్స్ ఇంకొక దారి. అవి టమాటా పులుపుతో, తక్కువ తీపితో ఉంటాయి, టోస్ట్ మీద బాగుంటాయి, కానీ మీ వారు వెతుకుతున్న రుచి అది కాదు.

మీరు పంది మాంసం తినరు కాబట్టి డబ్బా వెనుక రాసినది తప్పక చదవండి. పోర్క్ అని పేరులో లేకపోయినా, మామూలు బేక్డ్ బీన్స్‌లో చాలావాటిలో బేకన్ గానీ పంది కొవ్వు గానీ ఉంటుంది. వెజిటేరియన్ బేక్డ్ బీన్స్ అని ముందువైపే రాసి ఉన్న డబ్బాలు దాదాపు ప్రతి పెద్ద దుకాణంలోనూ దొరుకుతాయి, వాటినే తీసుకోండి. రుచిలో పొగ వాసన కొద్దిగా తగ్గుతుంది, దాన్ని చిటికెడు స్మోక్డ్ పాప్రికాతో సరిచేయవచ్చు.

సాసేజ్‌ల విషయానికి వస్తే, చికెన్‌వీ టర్కీవీ నిస్సందేహంగా వాడవచ్చు. అయితే అక్కడ కూడా చీటీ చదవాలి, ఎందుకంటే చవక రకాలలో చికెన్‌తో పాటు పంది మాంసం కలిపి తయారుచేసేవి చాలా ఉన్నాయి. ముందువైపు పెద్ద అక్షరాలలో చికెన్ అని ఉండి, వెనుక సన్న అక్షరాలలో పోర్క్ అని ఉంటుంది. హలాల్ గుర్తు ఉన్న చికెన్ లేదా టర్కీ ఫ్రాంక్స్ తీసుకుంటే పంది మాంసం బెడద ఉండదు. రుచిలో తేడా ఉంటుంది, దాన్ని దాచడం ఎందుకు? గొడ్డుమాంసం ఫ్రాంక్‌లో కొవ్వు ఎక్కువ కాబట్టి అది పెనంలో తన కొవ్వులోనే వేగుతుంది, వెల్లుల్లి, పాప్రికా వాసన గట్టిగా ఉంటుంది. చికెన్‌లో కొవ్వు తక్కువ, నీరు ఎక్కువ. అందువల్ల పెనంలో ఒక పెద్ద చెంచా వెన్నో నూనెనో వేసి, వేయించే సమయం రెండు మూడు నిమిషాలు పెంచితే సరిపోతుంది. మాంసమే వద్దనుకునే వారు శాకాహార సాసేజ్‌లు వాడవచ్చు కానీ అవి వేగాక సాస్‌లో ఉడికితే చిట్లిపోతాయి, వాటిని వడ్డించే ముందు పైన పెట్టుకోవాలి.

నలుగురికి సరిపోవడానికి కొలతలు ఇవి. సాసేజ్‌లు ఆరు, మహా అయితే ఎనిమిది. బీన్స్ 28 ఔన్సుల పెద్ద డబ్బా ఒకటి, అంటే సుమారు 800 గ్రాములు. మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, ఆకుపచ్చ క్యాప్సికం సగం. రెండు పెద్ద చెంచాల కెచప్, ఒక పెద్ద చెంచా ఎల్లో మస్టర్డ్, అంటే హాట్ డాగ్ మీద గీతలా పిండుకునే పసుపుపచ్చని ఆవ సాస్. యాపిల్ సైడర్ వినెగర్ రెండు చిన్న చెంచాలు, వూస్టర్‌షైర్ సాస్ ఒక చిన్న చెంచా. ఈ చివరిదానిలో ఆంకోవీ చేపలు ఉంటాయి. శాకాహారుల కోసం చేసేటప్పుడు అది మానేసి కొద్దిగా సోయా సాస్ వేయండి. ఉప్పు వేయవద్దు, కారణం తరువాత చెబుతాను.

పెనం పది లేదా పన్నెండు అంగుళాలది, అడుగు మందంగా ఉన్నది కావాలి. అమ్మమ్మగారు వాడినది పోత ఇనుప పెనమే అయి ఉంటుంది. టెనెస్సీలో సౌత్ పిట్స్‌బర్గ్ అనే ఊళ్లో 1896 నుంచి పోతపోస్తున్న లాడ్జ్ పెనాలు ఈ దేశంలో అమ్మమ్మల నుంచి మనవరాళ్లకు వెళుతుంటాయి. ఆమె పెనం మీ అత్తగారింట్లో ఎక్కడైనా ఉంటే అడిగి తెచ్చుకోండి, తుప్పు పట్టి ఉన్నా ఫరవాలేదు, రుద్ది నూనె పట్టించి ఓవెన్‌లో కాలిస్తే తిరిగి వాడకానికి వస్తుంది. వేడిని పట్టి ఉంచడంలో దానికి సాటి లేదు; చల్లని సాసేజ్ ముక్కలు ఒక్కసారిగా పడినా పెనం చల్లారిపోదు, అందుకే ముక్క రంగు తిరుగుతుంది. నాన్‌స్టిక్‌లో కూడా చేయవచ్చు, కానీ అడుగున అంటుకునే గోధుమ రంగు పొర అందులో తయారు కాదు, ఈ వంటకు సగం రుచి ఆ పొరదే.

సాసేజ్‌లను ఫ్రిజ్ నుంచి తీసి కాగితపు తువ్వాలుతో తడి అద్దండి. ప్యాకెట్‌లో ఉన్న నీటితో పెనంలో వేస్తే ముందు ఆ నీరు ఆవిరి కావాలి, అంతసేపూ ముక్క వేగదు, ఉడుకుతుంది. తరువాత వాటిని అడ్డంగా కాకుండా ఏటవాలుగా, అర అంగుళం మందాన కోయండి. ఏటవాలు కోత వల్ల పెనానికి తగిలే చదునైన ముఖం పెద్దదవుతుంది. పెనం మధ్యస్థమైన మంట మీద మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి, వెన్న వేసి, అది నురగ తగ్గగానే ముక్కలను ఒక్కొక్కటిగా, ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ఇక చేయి పెట్టకండి. మనకు కూరను గరిటెతో కలుపుతూ ఉండే అలవాటు ఉంది, ఇక్కడ ఆ అలవాటే నష్టం. రెండున్నర మూడు నిమిషాలు వదిలేస్తే మొదట చిటపటలు గట్టిగా వినిపించి, తరువాత ఆ శబ్దం సన్నబడుతుంది, ముక్క అంచులు పైకి లేచి చిన్న గిన్నెలా వంకర తిరుగుతాయి. అప్పుడు ఒక ముక్కను అట్లకాడతో తిప్పి చూడండి. అడుగు ముఖం లేత గోధుమ రంగులో ఉంటే ఇంకా సమయం ఉంది. అంచు చుట్టూ సన్నని నల్ల గీత పడి, మధ్యభాగం వేయించిన వేరుశనగ గింజ రంగుకు వచ్చి ఉంటే తిప్పవచ్చు. రెండోవైపు రెండు నిమిషాలు చాలు. వీటిని పళ్లెంలోకి తీసేయండి.

మా పాఠశాల వంటగదిలో దీన్ని పెద్ద పళ్లాలలో ఓవెన్‌లో పెట్టేవాళ్లం. వరుసలో నిలబడ్డ పిల్లలు పళ్లెం మూలల్లో ఉన్నదే తమకు వడ్డించమని అడిగేవారు. మూలల్లో సాస్ ఎండి అంచుకు అతుక్కుని, ముక్కలు నల్లబడి ఉండేవి. నేను కొత్తలో ఆ మూలలు మాడిపోయాయని గీకి పారేయబోతే, పక్కన పనిచేసే పెద్దావిడ నా చేయి పట్టుకుని ఆపింది. పిల్లలకు కావలసింది అదేనని ఆమె చెబితే నాకు అప్పటికి అర్థం కాలేదు. ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు నేను కూడా మీలాగే అన్నీ కలిపి ఉడికించాను, మా పెద్దబ్బాయి నాలుగు ముద్దలు తిని వదిలేశాడు. రెండోసారి ముక్కలను విడిగా నల్లబడేదాకా వేయించాను. వాడు పళ్లెం రొట్టెముక్కతో తుడుచుకుని తిన్నాడు. మీ వారి జ్ఞాపకంలో ఉన్న రుచి కూడా బహుశా ఆ నల్లటి అంచుదే, ఆయనను అడిగి చూడండి.

ముక్కలు తీసిన పెనంలో కొవ్వు ఒక చెంచా మిగలాలి, ఎక్కువ ఉంటే వంపేయండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యాప్సికం వేసి ఆరేడు నిమిషాలు మధ్యస్థమైన మంట మీద మెత్తబడనివ్వండి. ఉల్లిపాయ వదిలే నీటితోనే అడుగున అంటుకున్న పొర ఊడి వస్తుంది, దాన్ని చెక్క గరిటెతో గీరి ఉల్లిపాయలో కలుపుకోండి. ఉల్లిపాయ అంచులు బంగారు రంగుకు తిరిగాక మస్టర్డ్, కెచప్ వేసి ఒక్క నిమిషం వేయించండి. ఈ ఒక్క నిమిషం వంటల పుస్తకాలలో కనిపించకపోవచ్చు, నాకు మాత్రం ఇది తప్పనిసరి. కెచప్‌కు ఉండే పచ్చి వాసన పోయి, రంగు ఇటుక ఎరుపుకు మారుతుంది, మస్టర్డ్ ఘాటు కాస్త తగ్గి లోతు పెరుగుతుంది. టమాటా గుజ్జును మనం నూనె తేలేదాకా వేయించడానికి కారణం ఏమిటో దీనికీ కారణం అదే.

ఇప్పుడు బీన్స్ పోయాలి. పోర్క్ అండ్ బీన్స్ డబ్బా అయితే పైన తేలే పలచని నీటిని నాలుగైదు చెంచాలు ముందే వంపేసి, అదే సమయంలో ఒక పెద్ద చెంచా బ్రౌన్ షుగర్ వేయండి. బేక్డ్ బీన్స్ అయితే మొత్తం పోసేయండి. వూస్టర్‌షైర్ సాస్ కలిపి, ఒకసారి పొంగు రానిచ్చి, మంట తగ్గించి, మూత పెట్టకుండా పది పన్నెండు నిమిషాలు కుతకుతమని ఉడకనివ్వండి. డబ్బాలో చిక్కుళ్లు ముందే పూర్తిగా ఉడికి ఉంటాయి. మనం ఉడికిస్తున్నది చిక్కుళ్లను కాదు, సాస్‌లోని నీటిని తగ్గిస్తున్నాం. కాబట్టి పదే పదే కలిపితే గింజలు చితికి పప్పులా అవుతుంది. రెండు నిమిషాలకు ఒకసారి గరిటెను అడుగునుంచి మెల్లగా జరిపితే చాలు, తీపి సాస్ అడుగంటకుండా ఉండడానికి ఆ మాత్రం అవసరం. సరైన చిక్కదనం ఎలా తెలుస్తుందంటే, అట్లకాడతో పెనం అడుగున ఒక గీత గీయండి. సాస్ వెంటనే వచ్చి గీతను కప్పేస్తే ఇంకా ఉడకాలి. గీత రెండు క్షణాలు నిలిచి, ఆ తరువాత నెమ్మదిగా పూడుకుంటే దింపే సమయం వచ్చినట్టు. చల్లారుతున్నకొద్దీ ఇది ఇంకా గట్టిపడుతుంది కాబట్టి అంతకు మించి పొయ్యి మీద ఉంచవద్దు.

వినెగర్‌ను చివరి రెండు నిమిషాలలో, వేయించిన ముక్కలతో పాటు వేయాలి. ముందే వేస్తే ఆ పదునైన వాసన ఆవిరైపోతుంది. ఒక చిన్న చెంచా వేసి, కలిపి, రుచి చూసి, రెండోది అప్పుడు నిర్ణయించుకోండి. నాలుకకు ముందు తీపి తగిలి, వెనుక గొంతు దగ్గర పులుపు తగలాలి. తీపి ఒక్కటే నిలిచి ఉంటే ఇంకొంచెం వినెగర్, పులుపు ముందుకు వస్తే ఒక చెంచా కెచప్. ముక్కలను సాస్‌లో ముంచి మరిగించవద్దు, కేవలం వేడెక్కి, సాస్ పట్టేలా కలపండి. కొన్ని ముక్కలను పైన, వేగిన ముఖం పైకి కనిపించేలా పేర్చితే అవి కరకర పోకుండా ఉంటాయి.

మీ బాబు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి, దీన్ని దయచేసి తేలికగా తీసుకోవద్దు. గుండ్రంగా బిళ్లల్లా కోసిన హాట్ డాగ్ ముక్క చిన్న పిల్లల గాలి గొట్టం అంత వెడల్పే ఉంటుంది, పైగా మెత్తగా ఉండి నొక్కుకుని అందులో బిగుసుకుంటుంది. ఊపిరి అందకుండా చేసే ఆహారాలలో ఇది మొదటి వరుసలో ఉంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, నాలుగేళ్ల లోపు పిల్లలకు దీన్ని బిళ్లలుగా పెట్టవద్దని ఏనాటినుంచో చెబుతోంది. బాబుకు వేరుగా ఒక సాసేజ్ తీసుకుని నిలువునా నాలుగు చీలికలు చేసి, ఆ చీలికలను మళ్లీ చాలా చిన్న ముక్కలుగా తరిగి, వాడు తింటున్నంతసేపూ పక్కనే కూర్చోండి. పరుగెడుతూ, నవ్వుతూ తిననివ్వవద్దు. మేము పాఠశాలలో చిన్న తరగతుల వారికి ఎప్పుడూ నిలువు చీలికలే వేసేవాళ్లం. ఇంట్లో గర్భిణులు ఎవరైనా ఉంటే, హాట్ డాగ్‌లు ముందే ఉడికినవే అయినా లిస్టీరియా అనే సూక్ష్మజీవి భయం వల్ల వాటిని ఆవిరి వచ్చేదాకా, 165 ఫారన్‌హీట్ డిగ్రీలకు, వేడిచేసి మాత్రమే పెట్టాలి; ఈ పద్ధతిలో వేయించి ఉడికిస్తే ఆ వేడి సులభంగానే వస్తుంది.

ఉప్పు వేయవద్దన్నాను. ఒక్కొక్క హాట్ డాగ్‌లో మామూలుగా 400 నుంచి 500 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అర కప్పు డబ్బా బీన్స్‌లో కూడా దాదాపు అంతే ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 2,300 మిల్లీగ్రాములు మించవద్దని ఇక్కడి ఆహార మార్గదర్శకాలు చెబుతాయి. రెండు సాసేజ్‌లు, ఒక కప్పు బీన్స్ తింటే ఒక్క పూటలోనే ఆ లెక్కకు దగ్గరగా వెళ్లిపోతాం. మీ ఇంట్లో రక్తపోటు ఉన్నవారుంటే ఇలా చేయండి: 28 ఔన్సుల బేక్డ్ బీన్స్ బదులు 16 ఔన్సుల చిన్న డబ్బా ఒకటి, ఉప్పు వేయని సాదా నేవీ బీన్స్ లేదా గ్రేట్ నార్తర్న్ బీన్స్ అనే తెల్ల చిక్కుళ్ల డబ్బా ఒకటి తెచ్చి, రెండోదాన్ని జల్లెడలో వేసి కడిగి కలపండి. ఉప్పూ తీపీ రెండూ ఒకేసారి తగ్గుతాయి, సాస్ తక్కువ కావడం వల్ల చిక్కదనం కూడా తొందరగా వస్తుంది. మీరు తీపి ఎక్కువని బాధపడ్డారు కనుక మీ ఇంటికి నేను మొదట సూచించేది ఈ పద్ధతినే.

ఎండు చిక్కుళ్లతో చేయవచ్చా అని కొందరు అడుగుతుంటారు. నేవీ బీన్స్ మనం వండే రాజ్మా జాతివే, పరిమాణంలో చిన్నవి, రంగు తెలుపు. రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఆ తరువాత మాత్రమే మొలాసిస్, టమాటా వేయాలి. పులుపు, మొలాసిస్‌లోని కాల్షియం గింజ పైపొరను గట్టిపరుస్తాయి కాబట్టి, ముందే వేస్తే గింజ మెత్తబడడానికి చాలా గంటలు పడుతుంది. బోస్టన్ కుండ పగలంతా పొయ్యిలో ఉండడానికి ఇది కూడా ఒక కారణం. అది సెలవు రోజు వంట. పని నుంచి అలసి వచ్చిన సాయంత్రం అరగంటలో తయారయ్యేదానికి డబ్బానే సరైనది, మీ వారి అమ్మమ్మ కూడా డబ్బానే తెరిచి ఉంటారు.

ఇక పోపు. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేస్తే అది తినడానికి బాగానే ఉంటుంది, నేనూ చేసుకుంటాను. కానీ మీ వారి కోసం మొదటిసారి చేసేటప్పుడు వేయవద్దు. మన అమ్మ చేసిన పప్పుచారును ఎవరైనా ప్రేమగా వండిపెట్టి, అందులో చీజ్ తురిమితే మనకు ఎలా ఉంటుందో ఆయనకూ అలాగే ఉంటుంది. మీకు కారం కావాలంటే మీ పళ్లెంలో వడ్డించుకున్నాక, చిన్న గరిటెలో విడిగా కాచిన పోపు పైన పోసుకోండి, లేదా ఊరవేసిన హలపెన్యో మిరపకాయ ముక్కలు కొన్ని కలుపుకోండి. వేడి అన్నంలో కూడా ఇది చక్కగా కలుస్తుంది. మా ఇంట్లో పెద్దలు అలాగే తింటాము. ఆయనకు మాత్రం పక్కన మొక్కజొన్న పిండితో చేసే కార్న్‌బ్రెడ్ గానీ, వెన్న రాసిన మెత్తని తెల్ల బ్రెడ్ గానీ పెట్టండి. ఏది అని ముందే అడగండి, ఎందుకంటే ఒక్కో ఇంట్లో ఒక్కోటి వాడుక, చిన్నప్పటి రుచిలో ఆ పక్కన ఉన్నది కూడా భాగమే. పెనాన్ని అలాగే తెచ్చి చెక్క పలక మీద పెట్టి వడ్డించండి, గిన్నెలోకి మార్చితే అంచులకు అతుక్కున్న సాస్ పెనంలోనే ఉండిపోతుంది.

తిన్న తరువాత మిగిలినది రాత్రంతా ఇనుప పెనంలో ఉంచవద్దు. టమాటా, వినెగర్ పులుపుకు పెనం మీది నూనె పొర కరిగి, కూరకు ఇనుము రుచి పడుతుంది; అరగంట వంటకు ఏమీ కాదు కానీ రాత్రి నిల్వకు పనికిరాదు. రెండు గంటలలోపు గాజు డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. మర్నాడు అది ముద్దలా గడ్డకట్టి కనిపిస్తుంది, భయపడవద్దు. రెండు చెంచాల నీళ్లు చల్లి సన్నని మంట మీద వేడి చేసి, కాల్చిన బ్రెడ్ మీద పరిచి, పైన ఒక కోడిగుడ్డు సగం ఉడికేలా వేయించి పెట్టండి.